కళ్యాణదుర్గం బస్సులో వచ్చే కవరు

పత్రికల్లో చేరబోయే పిల్లలు ఈమధ్య మా ఇంటికి వస్తుంటారు. అందరూ అడిగేది ఒకటే. "మేడమ్, ఆ రోజుల్లో మీకంత ధైర్యం ఎక్కడిది?" అనంతపురంలో పత్రికాఫీసు మెట్లెక్కిన తొలి ఆడమనిషిని నేనేనని వాళ్లకెవరో చెప్పి పంపిస్తారు. తొలి మనిషినో కాదో నాకు తెలియదు. ధైర్యం మాత్రం ఎప్పుడూ లేదు. పనిచేసినన్నాళ్లూ భయపడుతూనే పనిచేశాను. ఉద్యోగం పోతుందని భయం, పత్రిక మూతబడుతుందని భయం, అన్నిటికంటే మించి ఒక మనిషిని పోగొట్టుకుంటామేమోనని భయం. ఆ చివరి భయం గురించే రాద్దామని కూర్చున్నాను. ప్రమోషన్ల సంగతీ సన్మానాల సంగతీ మీకెందుకు? శాలువాలు బీరువాలో ఉన్నాయి, చలికాలంలో పనికొస్తున్నాయి.

ఎవరు ఏ గదిలో

మా పత్రిక చిన్నది. పేరు చెప్పను, ఆ కుటుంబం ఇంకా ఊళ్లోనే ఉంది. డెబ్బైల చివర నేను చేరేనాటికి అది ఒక పాత మిద్దెలో నడిచేది. ముందు గదిలో యజమాని. ఆయనే సంపాదకుడు కూడా. అందరం పెద్దాయన అనేవాళ్లం. మధ్య గదిలో సబ్‌ఎడిటర్లు. దాని వెనక హాల్లో కంపోజింగ్. అక్కడ సీసపు అక్షరాలను ఒక్కొక్కటే చేత్తో ఏరి పేర్చేవాళ్లు. ఆ వెనక రేకుల షెడ్డులో అచ్చు యంత్రం.

ముందు గది నుంచి వెనక్కి నడుస్తుంటే కులాలు, మతాలు వరసగా మారిపోయేవి. మధ్య గదిలో ఉన్నవాళ్లంతా రెండు మూడు కులాలవాళ్లే, అందులో సగంమంది ఒకరికొకరు చుట్టాలు. కంపోజింగ్‌లో సాయిబులు, బోయవాళ్లు. షెడ్డు తుడిచి వాకిలి ఊడ్చేవాళ్లు హరిజనులు. అప్పట్లో ఆ మాటే వాడేవాళ్లం. ఇలా ఉండాలని ఎవరూ రాసిపెట్టలేదు. ఏళ్ల తరబడి అలా జరుగుతూ వచ్చింది, ఎవరి కంటికీ ఆనలేదు.

ఆనింది ఖాజా అన్నకు. ఆయన కంపోజింగ్ ఫోర్మన్, మా యూనియన్ కార్యదర్శి. ఒకసారి కరువు భత్యం గురించి మీటింగు జరుగుతుంటే మధ్యలో లేచి, "మన పేపర్ల పనిచేసే వాండ్ల పేర్లు సదువుతా, ఇనండి" అని డెస్కు మీద, అంటే మధ్య గదిలో, ఉన్నవాళ్ల పేర్లన్నీ చదివాడు. చదివి, "ఒకటే ఇంటి పెండ్లి పత్రిక మాదిరి ఉండాది కదప్పా" అన్నాడు. కంపోజింగ్ వాళ్లు నవ్వారు. డెస్కు వాళ్లు నవ్వలేదు.

నేను లోపలికి వచ్చింది ఆయన వల్లే. మాది ధర్మవరం. మా నాయన మగ్గం నేసేవాడు. బీఏ పాసై ఇంట్లో కూర్చుని ఉన్నాను. ప్రూఫ్‌రీడర్ పోస్టు ఖాళీ అయితే ఈసారి ఆడమనిషిని తీసుకోవాలని యూనియన్ పట్టుబట్టింది. మా నాయన నేస్తున్న చీర మీద నుంచి తలెత్తకుండానే, "ప్రెస్సులో నీకేం పనమ్మా, ఆడ మగోళ్లే ఉంటారంటనే" అన్నాడు. అంటూనే బస్సు దాకా వచ్చి ఎక్కించాడు. ఆఫీసులో నా కుర్చీ డెస్కు గదికీ కంపోజింగ్‌కూ మధ్య నడవలో వేశారు. ఏ గదికీ చెందని కుర్చీ అది. ఇటూ అటూ మాటలన్నీ వినబడేవి కాబట్టి పని త్వరగా నేర్చుకున్నాను, కొన్నేళ్లకు సబ్‌ఎడిటర్నీ అయ్యాను.

అరుగు మీద పుట్టే వార్త

ఇప్పటి పిల్లలకు తెలియని సంగతి ఒకటుంది. అప్పట్లో పల్లెల్లో పత్రిక ఏజెంటే విలేకరి. కట్ట తెప్పించుకుని అమ్మేవాడే వార్తలు కూడా రాసి పంపేవాడు. ఏజెన్సీ కావాలంటే డిపాజిట్టు కట్టాలి, బస్సు ఆగే చోట అంగడో హోటలో ఉండాలి. అవి ఎవరికి ఉంటాయో చెప్పనక్కర్లేదు. కాబట్టి విలేకరి ఎప్పుడూ ఊరి పెద్దకు తమ్ముడో బామ్మర్దో అయ్యేవాడు. తాసిల్దారు వస్తే ఊరి పెద్ద అరుగు మీద కూర్చునేవాడు. ఇంజనీరు వస్తే అక్కడే కాఫీ. మా విలేకరి పక్కనే కూర్చుని రాసుకునేవాడు. జిల్లా అంతా వానల్లేక ఎండిపోతుంటే మా పత్రికలో మాత్రం సహాయక చర్యలు చురుగ్గా సాగుతున్నాయని వచ్చేది. వాళ్లు అబద్ధం రాశారని నేననను. ఆ అరుగు మీద నుంచి చూస్తే అంతవరకే కనిపిస్తుంది.

ఎనభైల మొదట్లో పత్రిక పరిస్థితి బాగా దిగజారింది. వేరుశనగ పోయింది, అంగళ్లవాళ్లు ప్రకటనలు మానేశారు, కాగితం దొరకడం కష్టమైంది. పెద్ద పత్రికలు రంగుల బొమ్మలతో బస్సుల్లో దిగుతున్నాయి. సరిగ్గా అలాంటప్పుడు ఖాజా అన్న కోర్కెల పత్రంలో కొత్త కోర్కె చేర్చాడు. ఇకమీదట ఏ ఖాళీ వచ్చినా, ఇంతవరకు రాతపనిలో ఎవరూ లేని కులం నుంచో మతం నుంచో మనిషిని తీసుకోవాలి. పల్లెల్లో ఏజెన్సీ వేరు, విలేకరి వేరు చెయ్యాలి.

ఇక్కడొక సంగతి నిక్కచ్చిగా చెప్తాను. ఈ కోర్కెకు అడ్డుపడింది మొదట యజమాని కాదు, మా యూనియన్ వాళ్లే. సీనియర్ సబ్‌ఎడిటర్ శేషయ్య గారు మంచివాడు, నాకు పని నేర్పినవాడు. ఆయన కొడుకు డిగ్రీ చదివి ఇంట్లో ఉన్నాడు. ఆయన భయం అది.

"పేపరే మునిగిపోతాంటే, పడవలోకి ఇంకెవర్ని ఎక్కిస్తావు ఖాజా?"

"మన జిల్లాలో పడవ మునిగేన్ని నీళ్లు యాడుండాయి శేషన్నా?"

అందరూ నవ్వారు, శేషయ్య గారితో సహా. కానీ ఆ నవ్వు అయిపోయాక గదిలో మిగిలింది భయమే. ఉన్న నాలుగు ఉద్యోగాలు మనవాళ్లకు దక్కకుండా పోతాయేమోనని ఒకరు, యజమానికి కోపమొచ్చి తాళం వేస్తాడేమోనని ఇంకొకరు. నాకూ భయమే. నన్నే తీసేయొచ్చు కదా. చివరికి ఓట్లు పెడితే కంపోజింగ్ వాళ్ల చేతులతోనే ఆ కోర్కె నెగ్గింది.

పెద్దాయన ఏమీ గొడవ చెయ్యకుండా ఒప్పుకున్నాడు. "బెళుగుప్ప పక్క రాసేవాడు లేడు. మీకు కావాల్సినోణ్ని పెట్టుకోండి. డిపాజిట్టు గిపాజిట్టు ఏమొద్దు" అన్నాడు. ఆ పక్క కరువు ఎక్కువ, పత్రిక కొనేవాళ్లు లేరు, ఉన్న ఏజెంటు కూడా రాయడం మానేసి కట్ట మాత్రం తెప్పించుకుంటున్నాడు. బయటికొచ్చాక మేమంతా సంబరపడుతుంటే ఖాజా అన్న బీడీ ముట్టించి, "పండని చేను కౌలుకిచ్చినాడు పెద్దాయన" అన్నాడు.

మారెన్న

అలా వచ్చినవాడు మారెన్న. బెళుగుప్పకు కొంచెం దూరంలో ఒక ఊరి హరిజనవాడ అతనిది. ఇంటర్ చదివి, తండ్రి పోవడంతో ఊరికి తిరిగొచ్చి, తల్లితో పాటు కరువు పనుల్లో మట్టి మోస్తున్నాడు. చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకునేవాడు. నవ్వితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు. ప్రతి వార్తా ఒకే వాక్యంతో మొదలుపెట్టేవాడు: "ఈ పొద్దు గూడా మబ్బు లేదు."

"ఇది వార్త కాదు మారెన్నా" అని రోజూ ఆ వాక్యం కొట్టేసేదాన్ని.

"మా ఊర్ల పొద్దున లేస్తానే అందరూ చెప్పుకునేది అదే కదక్కా" అనేవాడు. మళ్లీ అదే రాసి పంపేవాడు.

ఊరి పంచాయతీ ప్రెసిడెంటు అరుగు అతను ఎక్కలేడు. కాబట్టి వార్తలు వేరే చోట్ల నుంచి తెచ్చాడు. గంజి కేంద్రం దగ్గర నుంచి, మట్టి పని దగ్గర నుంచి, గొర్రెలు తోలుకుని వలసపోయేవాళ్లు ఆగే చోటు నుంచి. ఆ వార్తలు మా పత్రికలో అంతకుముందు ఎప్పుడూ రాలేదు. కొత్త మనిషిని తెస్తే పత్రికకు మేలు అని యూనియన్ కరపత్రాల్లో రాసుకున్నాం. అది ఎంత నిజమో నాకు తెలిసింది మాత్రం మారెన్న కాగితాలు దిద్దేటప్పుడే.

తర్వాత బోరు వార్త పంపాడు. హరిజనవాడకని మంజూరైన బోరు ప్రెసిడెంటు చెనక్కాయ చేనులో వేశారు. వాడ ఆడవాళ్లు బిందెలతో ఆ చేను గట్టు మీద నిలబడితే, చేను తడిసేదాకా ఆగమంటున్నారు. నేనే దిద్దాను. శేషయ్య గారు రెండుసార్లు చదివి, "ఇది వేస్తే ఆ పిల్లోడు బతకడమ్మా" అన్నాడు. బెదిరించడానికి అన్న మాట కాదు. ఫోనులో మారెన్నను అడిగే వీల్లేదు, వాడలో ఫోనెక్కడిది. ఖాజా అన్న మరుసటి రోజు బస్సెక్కి వెళ్లి అడిగొచ్చాడు. "వెయ్యమన్నాడు. వాళ్లమ్మ గూడా వెయ్యమనింది" అన్నాడు.

వేశాం. విలేకరి పేరు వెయ్యం, 'మా విలేకరి' అని మాత్రమే ఉంటుంది. అప్పటిదాకా అది మాకు రక్షణ అనుకునేవాళ్లం. పెద్ద ఊళ్లలో అయితే రక్షణే. ఒక పల్లెకు ఒకే విలేకరి ఉన్నప్పుడు ఆ రెండు మాటలు వేలుపెట్టి చూపించినట్టే.

కవరు

ప్రెసిడెంటు మనుషులు ఆఫీసుకు జీపులో వచ్చారు. అరవలేదు. పెద్దాయన గదిలో కూర్చుని కాఫీ తాగారు. పోతూ పోతూ నడవలో నా కుర్చీ దగ్గర ఒకడు ఆగి, "దిద్దేది నువ్వేనా అమ్మా? ధర్మవరమంట కదా మీది" అని చాలా మర్యాదగా అడిగాడు. చేతిలో ప్రూఫు తడిగా ఉంది. అది నా చీరకు అంటుకున్నా నేను కదల్లేకపోయాను.

మరుసటి రోజు ఆ ఊళ్లో దిగిన పత్రిక కట్టను బస్సు స్టేజీ దగ్గరే తగలబెట్టారు. ఏజెంటు ఏజెన్సీ వదులుకున్నాడు. పెద్దాయన మమ్మల్ని పిలిచి, "దుడ్లు లేవు, ప్రకటనల్లేవు, ఇప్పుడు గొడవలు గూడానా? ఒక్క దినం పేపర్ ఆగినా నేను తాళమేసేస్తా. మీ ఇష్టం" అన్నాడు.

మారెన్నను అనంతపురం వచ్చేయమన్నాం. రానన్నాడు. "నేనొస్తే మాయమ్మ ఉంటాది, వాడ ఉంటాది. వాండ్లను యాడికి తోల్కొస్తారక్కా?" అన్నాడు.

అప్పుడే యూనియన్ ఒక ఏర్పాటు చేసింది. పల్లె వార్తలు అప్పట్లో కవర్లలో వచ్చేవి. విలేకరి కవరును బస్సు కండక్టరుకు ఇస్తే, ఆయన అనంతపురం బస్టాండులో మావాళ్లకు అందించేవాడు. మారెన్న ఇకమీదట వార్త ఉన్నా లేకపోయినా రోజూ ఒక కవరు పంపాలి. ఏమీ లేకపోతే 'వార్తలు లేవు' అని రాసి పంపాలి. కవరు వచ్చిందంటే మనిషి క్షేమం. రాకపోతే మేము బయలుదేరాలి. ఎవరు వెళ్తారన్నది మాత్రం మీటింగులో తేలలేదు.

కవరు తెచ్చే పని నాది. మధ్యాహ్నం కళ్యాణదుర్గం వైపు నుంచి ఒక ప్రైవేటు బస్సు వచ్చేది. నేను ముందే వెళ్లి సోడా బండి పక్కన నిలబడేదాన్ని. కండక్టరు దిగి, ఒక్కోసారి నన్ను చూసి కూడా మొదట సామాన్లు దించి, టిక్కెట్ల లెక్క చూసుకుని, అప్పుడు చంక సంచిలోంచి కవరు తీసేవాడు. ఆ కాసేపట్లో నేనేమేం ఊహించేదాన్నో మా ఇంట్లో వాళ్లకు కూడా చెప్పలేదు. కవరు అందగానే అక్కడే చింపి అక్షరాలు అతనివేనా అని చూసేదాన్ని. 'ఈ పొద్దు గూడా మబ్బు లేదు' అని కనబడితే అప్పుడొక సోడా కొట్టించుకునేదాన్ని. ఆఫీసుకు వెళ్లి ఆ వాక్యాన్ని మళ్లీ కొట్టేసేదాన్ని.

కవరు రాని రోజు

ఒకరోజు బస్సు వచ్చింది, కవరు రాలేదు. కండక్టరును అడిగితే నా ముఖం చూడకుండా, "ఆ స్టేజీలో ఎవురూ లేరమ్మా" అన్నాడు. అతను అబద్ధం చెప్తున్నాడని తెలుస్తూనే ఉంది. ఎందుకు చెప్తున్నాడో మాత్రం తెలియలేదు. దానికే ఎక్కువ భయమేసింది.

ఆఫీసుకు ఎలా వచ్చానో గుర్తులేదు. ఖాజా అన్న చేతిలో సగం పేర్చిన వార్త ఉంది. విని, దాన్ని బల్ల మీద పెట్టేసి చేతులు కడుక్కున్నాడు.

"పేజీలు కాలేదు ఖాజా. నువ్వు పోతే రేపు పేపర్ రాదు" అన్నాడు శేషయ్య గారు.

"తెలుసు."

"పెద్దాయన ఏమన్నాడో గూడా తెలుసు కదా. ఒక మనిషికోసరం ఇంతమంది కూడు..."

"వాణ్ని ఆడ నిలబెట్టింది మనమే శేషన్నా. వాడు అడగలే. భయమున్నోళ్లు ఈడనే ఉండండి, నేనేమీ అనుకోను. నాకూ భయమే."

కంపోజింగ్‌లోంచి నలుగురైదుగురు కదిలారు. నేనూ బయలుదేరాను. చివరికి శేషయ్య గారు కూడా కండువా వేసుకుని వచ్చి మా వెనక నిలబడ్డాడు.

కళ్యాణదుర్గం వైపు వెళ్లే బస్సెక్కాం. కిటికీలోంచి చూస్తే దారి పొడవునా ఎండిన చేలు, ఎక్కడా మనిషి లేడు. చేను గట్టు మీద ఏ తెల్లటి గుడ్డ కనబడినా లేచి నిలబడి చూసేదాన్ని. బస్సు మారెన్న ఊరి స్టేజీలో ఆగకుండా దూసుకుపోయింది. ఖాజా అన్న లేచి అడిగితే డ్రైవరు, "ఈడ ఆపొద్దని చెప్పినారు సాయిబూ. నేను రోజూ ఈ దావన పోయేటోణ్ని" అన్నాడు. అప్పుడర్థమైంది. మధ్యాహ్నం మారెన్న స్టేజీలో నిలబడే ఉన్నాడు. బస్సే ఆగలేదు.

ఇప్పుడు ఎక్కడున్నాడు? బెళుగుప్పలో దిగి హోటల్లో అడిగాం, ఎవరూ చెప్పలేదు. పేరు వినగానే తల తిప్పుకున్నారు. వీధి చివర పోలీసు స్టేషన్ అరుగు మీద కూర్చుని కనిపించాడు. గుండీలు మెడ దాకా పెట్టుకుని, చేతిలో కవరుతో. బస్సు ఆగకపోతే ఎండలో నడిచి వచ్చాడట, దారిలో జీపు వెంటబడితే చేలకు అడ్డంపడి పరిగెత్తాడట. చెప్పుల్లేవు. "ఈడైతే కొట్టరని కూర్చున్యా అక్కా" అని కవరు నా చేతికిచ్చాడు. నేను ఏడ్చాను. అందరి ముందూ, వీధిలో నిలబడి ఏడ్చాను.

ఖాజా అన్న ఆ సాయంత్రం అక్కడే బస్సు కార్మికుల యూనియన్ వాళ్లను కలిశాడు. ఆ స్టేజీలో బస్సు ఆపే పూచీ వాళ్లు తీసుకున్నారు. ఆ మాట మీదే మారెన్న మళ్లీ ఊరికి వెళ్లాడు. మేము చీకటి పడేవేళకు అనంతపురం చేరాం. ఆఫీసు తలుపుకు తాళం ఉంది.

తాళం

మా పత్రిక మళ్లీ రాలేదు. ఊళ్లో అందరూ అన్నదొకటే: ఆడవాళ్లను, హరిజనులను తెచ్చిపెట్టుకుని పత్రికను ముంచుకున్నారని. మాతోపాటు బస్సెక్కినవాళ్లే కొందరు ఆ మాట అన్నారు. కడుపు మండినప్పుడు మాటలు అలాగే వస్తాయి, నేను వాళ్లను తప్పుపట్టను. కానీ తాళం పడకముందే బళ్లారి నుంచి ఇద్దరొచ్చి షెడ్డులో యంత్రాన్ని టేపు పెట్టి కొలుచుకుపోవడం నేను నా కళ్లతో చూశాను. పెద్దాయన అమ్మకానికి పెట్టాక ఒక సాకు కోసం ఎదురుచూశాడు. మేము దాన్ని చేతికిచ్చాం. ఇవ్వకుండా ఉండాలంటే మారెన్నను వదిలేయాల్సి వచ్చేది. ఇప్పుడు అడిగినా ఆ బస్సే ఎక్కుతాను.

తర్వాత నేనొక పెద్ద పత్రికలో చేరాను, అక్కడే రిటైరయ్యాను. బెళుగుప్ప పక్క ఆ పత్రిక ఏజెన్సీ, దానితోపాటు విలేకరి పనీ ప్రెసిడెంటు బామ్మర్దికి వెళ్లాయి. మారెన్న కొంతకాలం బళ్లారి గనుల్లో పనిచేసి, ఆపైన హాస్టలు వార్డెనై, క్షేమంగా ఉన్నాడు. మళ్లీ ఏ పత్రికా అతణ్ని తీసుకోలేదు. మీరు చేరబోయే ఆఫీసులో మొదటి రోజు గదులన్నీ ఒకసారి నడిచి చూడండి. లేనివాళ్లు ఎవరో చూడండి. వాళ్లను తెమ్మని అడగండి, కానీ తెచ్చాక ఏ స్టేజీలో ఒంటరిగా నిలబెడుతున్నారో అది కూడా అడగండి.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. తాళం పడిన కొన్నాళ్లకు, మధ్యాహ్నం అయ్యేసరికి ఇంట్లో ఉండలేక బస్టాండుకు వెళ్లాను. ఎందుకంటే అలవాటు, అంతే. సోడా బండి పక్కన నిలబడ్డాను. బస్సు వచ్చింది. కండక్టరు నన్ను చూసి, చంక సంచిలోంచి కవరు తీసిచ్చాడు. "రోజూ ఇస్తాండాడమ్మా, తీసుకునేవాళ్లే లేరు" అని ఇంకొన్ని కూడా ఇచ్చాడు. పత్రిక మూసేశారని మారెన్నకు తెలుసు. కానీ కవర్లు పంపడం మానుకోమని మాలో ఎవరూ అతనికి చెప్పలేదు.

ఆ రోజు కవరు విప్పాను.

"ఈ పొద్దు గూడా మబ్బు లేదు. కలెక్టరాఫీసు నుంచి బోరు లారీ వచ్చినాది. ఈసారి వాడలోనే వేసినారు. ఆడోళ్లంతా బిందెలు తెచ్చి వరసగా పెట్టినారు. నీళ్లు పడలే, దుమ్మే వచ్చినాది. రేపు ఇంకో తావున వేస్తారంట. రాసి పంపుతా."

అక్కడే బెంచీ మీద కూర్చుని, పర్సులోంచి పెన్ను తీసి, దానికి హెడ్డింగు పెట్టాను. అక్షరాలు దిద్దాను. మొదటి వాక్యం దగ్గర పెన్ను ఆగింది. దాన్ని అలాగే ఉంచాను.